స్టార్టర్ ట్రిప్ అయినప్పుడే ఆగండి: పని చేసీ చేసీ లోపల ఖాళీ అయిపోతున్న చిన్న షాపువాళ్లకు

నాది పశ్చిమ గోదావరి జిల్లాలో, ఉండి అనే ఊరి నుంచి ఆకివీడు వెళ్లే వైపు చిన్న మోటార్ వైండింగ్ షాపు, అంటే కాలిన మోటార్లకి రాగి తీగ మళ్లీ చుట్టే పని. పెట్టి 19 ఏళ్లయింది. చుట్టూ రొయ్యల చెరువులు, చేపల చెరువులు, మధ్యమధ్యలో వరి చేలు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లు, ఇళ్లలో బోరు మోటార్లు, పిండి మరల మోటార్లు నా దగ్గరికి వస్తాయి. ఈ పనికి రాత్రీ పగలూ తేడా లేదు. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్లలో ఉండే నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రయితే రొయ్యలతో పాటు ఆ నాచు కూడా అదే ఆక్సిజన్ వాడుకుంటుంది, కోడి కూసే వేళకి చెరువులో మిగిలేది చాలా తక్కువ. సరిగ్గా అప్పుడే ఏరియేటర్ మోటారు కాలిందంటే తెల్లారేసరికి లక్షల సరుకు తేలిపోవచ్చు. అందుకే రైతు అర్ధరాత్రి రెండింటికి ఫోన్ చేస్తాడు, ఆయన తప్పేం లేదు.

నాలుగేళ్ల క్రితం మే నెలలో, వరసగా ఆరో రాత్రి మేలుకుని ఒక రెండు హెచ్‌పీ మోటారు చుట్టాను. పాత రాగి పీకి, స్లాట్లు శుభ్రం చేసి, ఇన్సులేషన్ పేపర్ వేసి, కాయిల్స్ దించి, కనెక్షన్లు కలిపి, వార్నిష్ పోసి బల్బు వేడికి ఆరబెట్టి ఇచ్చేశాను. ఎప్పుడూ మానని పని ఒకటుంది, లోడ్ లేకుండా తిప్పి మూడు ఫేజుల్లో, అంటే మూడు కరెంటు లైన్లలో, ఎన్ని ఆంప్స్ లాగుతోందో చూడటం, అది మాత్రం చెయ్యలేదు. ఏడింటికి చెరువు గట్టు మీంచి ఫోన్: “ఏవండీ, ఇది తిరగట్లేదండి, ఊరికే గుయ్యిమంటోందండి.” ఒక గ్రూపు కాయిల్ కొసలు తిరగేసి కలిపేశాను. పని నేర్చుకునే మొదటి ఏడాది కుర్రాడు చేసే తప్పు అది.

తప్పు ఎవరైనా చేస్తారు. కానీ ఆయన అలా చెబుతుంటే నాకు ఏమీ అనిపించలేదు, అదీ నన్ను భయపెట్టింది. సిగ్గు లేదు, కంగారు లేదు, ‘పోతే పోనీ’ అనిపించింది. ఆ రైతు నా షాపు తెరిచిన ఏడాది నుంచీ నా దగ్గరికే వస్తున్నాడు. ఆ సాయంత్రం మా ఆవిడ అంది, “మీరు ఇంట్లో నోరు తెరిచి వారం అయింది, మీకు తెలుసా?” అని. నాకు నిజంగానే తెలియదు.

ఆ తర్వాత ఏడాదిన్నర పట్టింది నాకు మళ్లీ మనిషిని కావడానికి. అందులో ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో రాస్తున్నాను. కిరాణా కొట్టు, టైలరింగు, ఎరువుల షాపు, మొబైల్ రిపేరు, స్వీటు షాపు, ఏదైనా సరే, మీ ఒక్కరి మీదే నడిచే వ్యాపారమైతే ఇందులో చాలావరకు మీకూ సరిపోతుంది.

ముందు గుర్తుపట్టడం

దీన్ని బర్నవుట్ అంటారు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే అమెరికా మనస్తత్వవేత్త, న్యూయార్క్‌లో ఉచిత క్లినిక్‌లో సేవ చేసేవాళ్లు కొన్నాళ్లకి ఎలా ఖాళీ అయిపోతున్నారో చూసి, తనకీ అదే జరిగి, ఆ పేరుతో రాశాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని తన జబ్బుల వర్గీకరణ జాబితాలో వివరించింది. జబ్బు అనలేదు, పనిలో ఎడతెగని ఒత్తిడిని సరిగా సర్దుకోలేకపోతే వచ్చే స్థితి అంది, మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో ఓపిక అయిపోవడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, పని సామర్థ్యం తగ్గిపోవడం.

మన షాపుల భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు పడుకుని లేచినా, రాత్రంతా మూటలు మోసినట్టే ఉంటుంది. గుమ్మంలో బండి ఆగిన చప్పుడు వింటే బేరం వచ్చిందన్న సంతోషం బదులు ‘మళ్లీ వచ్చాడ్రా’ అని విసుగొస్తుంది. పదిహేను నిమిషాల పని గంట పడుతుంది, లెక్క రెండుసార్లు కూడితే రెండు రకాలుగా వస్తుంది. మొదటిది ఒక్కటే ఉంటే మామూలు అలసట, నాలుగు రోజులు నిద్రపోతే పోతుంది. రెండోది కూడా కలిసిందంటే, ముఖ్యంగా మీకు ఇష్టమైన పని మీదే చిరాకు మొదలైందంటే, వెంటనే జాగ్రత్తపడాలి. మనం దాన్ని ‘మనుషులు మారిపోయారు, బేరాలు ఇదివరకటిలా లేవు’ అని సర్దిచెప్పుకుంటాం. నేను రెండేళ్లు అలాగే చెప్పుకున్నాను.

మా పనిలో రోజూ చూసే సంగతి ఒకటి చెబుతాను. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు వెంటనే ఆగదు. మిగతా రెండిటి మీదే లాగుతుంది, కరెంటు ఎక్కువ తీసుకుంటుంది, వేడెక్కుతుంది. మోటారుని ఆన్ చేసే పెట్టె, అంటే స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఉన్నది అందుకే, వేడి చూసి ట్రిప్ చేస్తుంది, అంటే కరెంటు ఆపేస్తుంది. రైతు ఏం చేస్తాడంటే, రొయ్యల కంగారులో బటన్ మళ్లీ నొక్కుతాడు. మళ్లీ ట్రిప్. మళ్లీ నొక్కుతాడు. నాలుగోసారికి రిలే సెట్టింగ్ పెంచేస్తాడు, లేదంటే రిలేని తప్పించి లైను డైరెక్టుగా కలిపేస్తాడు. మోటారు తిరుగుతుంది, ఆయన ఇంటికెళ్లి పడుకుంటాడు, పొద్దున్నకి లోపల రాగి నల్లగా మాడిపోయి నా బల్ల మీదికి వస్తుంది. ఇన్సులేషన్ తట్టుకోగల వేడి కంటే ప్రతి పది డిగ్రీలు పైకి వెళ్తే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని వైండింగ్ వాళ్ల లెక్క. పది డిగ్రీలంటే వినడానికి పెద్ద తేడా అనిపించదు.

తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, పిల్లల మీద ఊరికే అరవడం, అన్నం తిన్న ధ్యాస లేకపోవడం, ఇవన్నీ ట్రిప్ అవడమే. నేను టీ తాగి బటన్ నొక్కేవాడిని. కొందరు రాత్రి క్వార్టర్ వేసుకుని నొక్కుతారు. దాంతో నిద్ర వచ్చినట్టే ఉంటుంది గానీ సగం రాత్రికి మెలకువ వచ్చేస్తుంది, మర్నాడు ఇంకా బరువు. మా రోడ్డు మీదే ఇద్దరు మంచి పనివాళ్లు అలా పాడైపోయారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రెండు వారాలు రాయండి

సెలవు తీసుకోండి, ధ్యానం చెయ్యండి అని మొదలుపెట్టను. మిమ్మల్ని తినేస్తున్నది ఏదో తెలియకుండా సెలవు పెడితే, తిరిగొచ్చేసరికి అది గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది. ముందు ఒక ఇరవై రూపాయల నోటు పుస్తకం కొని రెండు వారాలు రాయండి. వచ్చిన ప్రతి ఫోను, ప్రతి బేరం, ప్రతి గొడవ: టైము, ఎవరు, దేనికి, అది మర్నాటి దాకా ఆగేదా కాదా. చివర్లో ఒక చిన్న గుర్తు, ఆ పని చేశాక మీకు హాయిగా ఉంటే ప్లస్, నీరసం వస్తే మైనస్. రాయడానికి బద్ధకం వేస్తే ఫోన్‌లో వాయిస్ పెట్టుకుని రాత్రి ఎక్కించుకోండి.

నా పుస్తకంలో ఆ రెండు వారాల్లో రాత్రి పది దాటాక వచ్చిన ఫోన్లు 31. అందులో నిజంగా ఆగలేనివి 9. మిగతావి ‘నా మోటారు అయిపోయిందా’, ‘రేపు ఎన్నింటికి తెరుస్తారు’, ‘మా బావమరిది ఫ్యాను తెస్తాడు చూడండి’ లాంటివి. నేను తొమ్మిదింటి కోసం ముప్ఫై ఒక్కసార్లు లేస్తున్నాను.

ఇంకోటి కూడా బయటపడింది, ఇది నేను అసలు ఊహించలేదు. వైండింగ్ చేసిన ప్రతి గంటకీ ప్లస్సే ఉంది. అర్ధరాత్రి చేసినా సరే. మైనస్‌లన్నీ దాదాపు ఒకే చోట ఉన్నాయి: డబ్బులు అడగడం, అడగలేక ఊరుకోవడం, ఇవ్వనివాడికి మళ్లీ పని చేసి పెట్టడం. ఇన్నాళ్లూ పని ఎక్కువై ఇలా అయ్యాననుకున్నాను. పుస్తకం వేరే కథ చెప్పింది. మీకు ఇంకోటి బయటపడవచ్చు, తోడు షాపు వాడితో పోటీయో, అద్దెయో, భాగస్తుడైన తమ్ముడితో మాట పట్టింపో. అది తెలిశాకే మందు.

అత్యవసరానికి సరుకు పెట్టండి, మీ నిద్ర పెట్టకండి

ఆ తొమ్మిది నిజమైన ఫోన్ల సంగతి ముందు చూశాను. రొయ్య చచ్చిపోతుంటే పొద్దున రమ్మని చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ రైతుకి ఆ క్షణాన కావాల్సింది తిరిగే మోటారు. ఆయన మోటారే కావాలని లేదు. అందుకని పాత మోటార్లు నాలుగు కొని, బేరింగులు మార్చి, బాగా చుట్టి షాపులో ఒక మూల పెట్టాను. ఒకటి హెచ్‌పీవి రెండు, రెండు హెచ్‌పీవి రెండు. రాత్రి ఎవరొచ్చినా షాపులో పనిచేసే మా కుర్రాడు తాళం తీసి కాలిన మోటారు దించుకుని, ఇది ఇచ్చి, పుస్తకంలో రాసుకుంటాడు. రోజుకింత అద్దె. కాలినదాన్ని నేను పగలు, వెలుతురులో, టెస్ట్ చేసి మరీ చుడతాను. పెట్టుబడికి నాకు బాధ వేసింది నిజమే. మూడు నెలల్లో ఆ అద్దె డబ్బుతోనే రాగి తీగ కొన్నాను.

మీ వ్యాపారంలో ఆ నాలుగు మోటార్లు ఏవో ఆలోచించండి. మొబైల్ రిపేరు అయితే రెండు పాత ఫోన్లు. సైకిల్ షాపు అయితే ఒక అద్దె సైకిలు. పిండివంటల వాళ్లయితే, నాలుగు రోజులు నిలవుండే రకాలు ఎప్పుడూ రెండు డబ్బాలు సిద్ధంగా ఉంచి, ‘రేపు పొద్దున్నే పెళ్లివారు వస్తున్నారండి’ అని పరిగెత్తుకొచ్చేవాళ్లకి అవే ఇవ్వడం. అప్పటికప్పుడు చేసి తీరాల్సిన పనికి మాత్రం వేరే రేటు బోర్డు మీద రాసి పెట్టండి. రేటు కనబడగానే సగం తొందరలు తగ్గిపోతాయి, మిగిలినవాళ్లకి నిజంగానే తొందర ఉన్నట్టు.

మిగతా 22 ఫోన్లకి ఒక పని చేశాను. వ్యాపారానికి వేరే నంబరు తీసుకున్నాను, ఆ ఫోను రాత్రి తొమ్మిదిన్నరకి కుర్రాడి దగ్గరికి పోతుంది. వాట్సాప్ బిజినెస్‌లో షాపు టైములు పెట్టుకుంటే, షాపు మూసిన వేళ వచ్చే మెసేజికి అదే జవాబు పంపుతుంది. దాంట్లో ‘మీ మోటారు రెడీ అయితే మేమే మెసేజ్ పెడతాం’ అని రాశాను. రోజూ సాయంత్రం ఆరింటికి అయిపోయినవన్నీ ఒకేసారి మెసేజ్ పెట్టేస్తాం. ‘అయిపోయిందా’ ఫోన్లు దాదాపు ఆగిపోయాయి.

అరువు పుస్తకం

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, నా అనుభవంలో చిన్న షాపుల్ని ముంచేది ఇదే.

మన డెల్టాలో డబ్బు నెలనెలా రాదు. వరి రైతు చేతికి సార్వా (వానాకాలం పంట) కోతలకోసారి, దాళ్వా (రెండో పంట) కోతలకోసారి వస్తుంది. రొయ్యల రైతుకి పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక, అంటే పిల్ల వేసిన మూడు నాలుగు నెలలకి. మధ్యలో అందరూ అరువు మీదే బతుకుతారు, అందులో తప్పు లేదు, మా నాన్న కాలం నుంచీ అంతే. కానీ రాగి ఇచ్చేవాడు నాకు మూడు నెలలు అరువివ్వడు. ఆ సందులో నేను నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చేవాడిని. నెలకి మూడంటే ఏడాదికి 36. నా కూలి మొత్తం ఆ వడ్డీకే సరిపోయేది, నేను మాత్రం బేరాలు బాగున్నాయనుకునేవాడిని.

చేసిన మార్పు ఇది. రాగి తీగ, బేరింగులు, వార్నిష్, వీటి డబ్బు ముందు. నా కూలి మాత్రం పట్టుబడికి ఇవ్వొచ్చు. అంటే నా చేతి కష్టాన్ని అరువిస్తాను, నా జేబులో డబ్బు అరువివ్వను. ఈ మాట మొదటిసారి చెప్పడానికి నోరు రాలేదు. మా ఊరి పెద్దాయనకి ముందు చెప్పాను, ఆయన కాదంటే ఎలాగూ ఇంకెవరూ వినరని. “సామాను డబ్బు మాత్రం ముందు సర్దండి బాబాయ్‌గారూ, కూలి మీ ఇష్టం, చెరువు పట్టాక ఇవ్వండి” అన్నాను. ఆయన ఒక నిమిషం ఊరుకుని, “అదేదో ముందే అడగొచ్చుగా అబ్బాయ్” అన్నాడు. ఇద్దరు మాత్రం వేరే షాపుకి పోయారు. వాళ్ల పేర్ల ఎదురుగా ఉన్న పాత బాకీ చూసుకుంటే పోవడమే మంచిదనిపించింది.

పాత బాకీలకి వారంలో ఒకే పూట కేటాయించండి. నాకు బుధవారం పొద్దున. ఆ పూట పుస్తకం పట్టుకుని కూర్చుని ఫోన్లు చేస్తాను, ఎవరు ఎప్పుడిస్తానన్నారో రాసుకుంటాను, మూసేస్తాను. మిగతా ఆరు రోజులు ఎవరైనా గుర్తొస్తే ‘బుధవారం’ అని ఒక్క మాట రాసి పక్కన పెడతాను. రాత్రి పక్క మీద బాకీల లెక్కలు తిరగడం ఈ ఒక్క అలవాటుతో సగం తగ్గింది. అడగడం మీకు చేతకాకపోతే ఇంట్లో చేతనైనవాళ్లకి అప్పగించండి. మా ఆవిడ నాకంటే మర్యాదగా అడుగుతుంది, నాకంటే ఎక్కువ వసూలు చేస్తుంది.

ఎక్కువ వడ్డీ అప్పు ఉంటే ముందు దాన్ని మార్చే పని చూడండి. 2015లో మొదలైన ముద్ర పథకం కింద బ్యాంకులు తాకట్టు లేకుండా ఇస్తాయి, 50 వేల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ అంటారు. కాగితాలు సర్దుకోవడానికి రెండు మూడుసార్లు తిరగాలి, విసుగుపడకుండా తిరగండి. జీఎస్టీ ఉన్నవాళ్లు నెలనెలా రిటర్నుల కంగారు పడుతుంటే, ఏడాది టర్నోవర్ 5 కోట్ల లోపు వాళ్లకి మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి 2021 జనవరి నుంచి ఉంది, పన్ను మాత్రం నెలనెలా కట్టాలి. మీ అకౌంటెంటుని అడగండి. ఈ పని మాత్రం సొంతంగా రాత్రిళ్లు కూర్చుని చెయ్యకండి.

కాలువ కట్టేసే రోజులు

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయింది, మన కాలువలన్నీ దాని చలవే. అంత పెద్ద ఏర్పాటుకే ఏటా వేసవిలో, దాళ్వా కోతలయ్యాక, నీళ్లు ఆపేస్తారు. కాలువలు కట్టేసి పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు, తూములూ లాకులూ బాగుచేస్తారు. అలా ఆపకపోతే సార్వాకి శివారు చేలకి నీళ్లెక్కవు. ఇంకా చూడండి, ఊరికే ఆపెయ్యరు. కట్టేసే తేదీ ముందే చెబుతారు, ఆ లోపు ఊళ్లలో మంచినీళ్ల చెరువులన్నీ నింపుకోమంటారు.

షాపు మూయడం కూడా అలాగే చెయ్యాలి. నేను మొదట్లో చేసిన తప్పు, ఒంట్లో బాగోక ఒక రోజు చెప్పాపెట్టకుండా మూసేసేవాడిని. వచ్చినవాళ్లు తిట్టుకుని పోయేవారు, నేను ఇంట్లో పడుకుని ఎవరొచ్చారో అని ఫోన్ చూస్తుండేవాడిని. అది విశ్రాంతి అవదు. ఇప్పుడు తేదీ ముందే బోర్డు మీద రాస్తాను. వారం ముందు నుంచి వచ్చినవాళ్లందరికీ నోటితో చెబుతాను. స్పేర్ మోటార్లు నాలుగూ సిద్ధంగా ఉన్నాయో లేదో చూసుకుంటాను, చేతిలో ఉన్న పనులు ఇచ్చేస్తాను, పక్క ఊరి వైండింగ్ ఆయనతో మాట్లాడుకుంటాను. ఆయన మూసినప్పుడు ఆయన పని నేను చూస్తాను. పోటీ వాడితో ఇదెలా కుదురుతుందని అడుగుతారు. వెళ్లి అడగండి, ఆయన కూడా మీలాగే అలసిపోయి ఉంటాడు.

ఎప్పుడు మూయాలన్నది మీ వ్యాపారం చెబుతుంది. పెళ్లిళ్ల మీద బతికేవాళ్లు, అంటే షామియానా, వంట, బ్లౌజులు కుట్టేవాళ్లు, ఉగాదికి కొత్త పంచాంగం రాగానే మూఢాలు, ఆషాఢం, శూన్యమాసాలు ఎప్పుడొచ్చాయో చూసి క్యాలెండర్ మీద గీత గీసేసుకోండి. ఎలాగూ ముహూర్తాలుండవు. ఆ రోజుల్లో కూడా ఏదో ఒక బేరం దొరక్కపోతుందా అని షాపులో కూర్చుని ఈగలు తోలుకోవడం చాలామంది చేస్తారు, అది శుద్ధ దండగ. కిరాణా, బట్టల వాళ్లకి సంక్రాంతి ముందు నెలంతా ఊపిరి సలపదు, పండగయ్యాక ఊళ్లోకొచ్చినవాళ్లంతా బండెక్కేశాక మూడు రోజులు మూసినా అడిగేవాడుండడు. ఎరువుల షాపు వాళ్లకి కాలువ కట్టేసిన రోజులే సరైనవి. నాకు అసలు ఖాళీ సీజనంటూ లేదు, చెరువులు ఏడాది పొడవునా ఉంటాయి. అందుకని నేను సోమవారం పూర్తిగా మూస్తాను, ఏడాదికి రెండుసార్లు నాలుగేసి రోజులు మూస్తాను.

ఆ సెలవులో ఏం చెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు. కాకపోతే మొదటి రెండు రోజులు ఒళ్లు కుదురుగా ఉండదు, చేతులు ఏదో పని వెతుక్కుంటాయి. నేను మొదటి సెలవులో ఇంట్లో మిక్సీ విప్పేశాను. మూడో రోజు మధ్యాహ్నం అంతర్వేది దగ్గర గోదావరి సముద్రంలో కలిసే చోట పిల్లలతో ఇసుకలో కూర్చున్నాక గానీ భుజాలు కిందికి దిగలేదు. అందుకే ఒక్క రోజు సెలవుని లెక్కలో వేసుకోకండి.

పని అప్పగించడం

“వాడికి వదిలేస్తే పాడుచేస్తాడండి.” ఈ మాట నేను పదేళ్లు అన్నాను. నిజమే, పాడుచేస్తాడు. మా కుర్రాడు మొదటి నెలలో రెండు ఫ్యాన్లు, ఒక మిక్సీ పాడుచేశాడు, ఆ డబ్బు నేనే కట్టుకున్నాను. ఇప్పుడు ఫ్యాన్లు, మిక్సీలు, బోరు మోటార్ల బేరింగులు పూర్తిగా వాడివే, నేను చూడను కూడా.

అప్పగించేటప్పుడు పనితో పాటు నిర్ణయం కూడా ఇవ్వండి. ఐదు వందల లోపు రిపేరు రేటు వాడే చెప్పొచ్చు, నన్ను అడగక్కర్లేదు. స్పేర్ మోటారు ఎవరికివ్వాలో వాడే చూస్తాడు. ప్రతిదానికీ ‘అన్నా, ఇదెంత తీసుకోమంటావు’ అని ఫోన్ వస్తుంటే మీరు సెలవులో ఉన్నా షాపులోనే ఉన్నట్టు. ఇంకో సంగతి, రాత్రి ఫోను వాడికిచ్చానన్నాను కదా, వారంలో మూడు రాత్రులే. మిగతా రాత్రుల్లో రెండు మా బావమరిది, రెండు నేను. మీ మీద ఉన్న బరువంతా జీతగాడి నెత్తిన పెట్టేస్తే ఆర్నెల్లకి వాడు మానేస్తాడు. రాత్రి ఫోనుకి డబ్బు వేరే ఇవ్వాలి, వాడికీ వారంలో ఒక రోజు సెలవివ్వాలి. షాపుల చట్టం కూడా పనివాళ్లకి వారానికో సెలవు ఉండాలంటుంది.

ఇంట్లోనే షాపు ఉన్న ఆడవాళ్లకు

మా అక్క పాలకొల్లు దగ్గర ఇంటి వరండాలో మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. నేను ఇవన్నీ గొప్పగా చెబితే ఒకటే అంది: “నువ్వు తాళం వేసి ఇంటికొస్తావు, నేను తాళం వేసి ఎక్కడికి పోనురా?” నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఇద్దరం కూర్చుని ఆలోచించాం. లేసు అల్లేవాళ్లకీ, పచ్చళ్లు పెట్టేవాళ్లకీ, పూతరేకులు చుట్టేవాళ్లకీ ఇదే బాధ. ఎవరో వదినగారు పొయ్యి మీద కూర ఉండగా వచ్చి కూర్చుంటారు, లేవమనలేం.

అక్క చేసినవి చెబుతాను. వరండాకీ హాలుకీ మధ్య కర్టెన్ కట్టింది. కర్టెన్ వేసి ఉంటే కొట్టు మూసినట్టు. మొదట్లో అందరూ తీసుకుని వచ్చేసేవారు, అప్పుడు లోపలి నుంచే “సాయంత్రం నాలుక్కి రండి వదినా, కొలతలు తీరిగ్గా తీసుకుందాం” అనడం నేర్చుకుంది. పది రోజులకి అలవాటు పడ్డారు. బట్టలు తీసుకునేది మంగళ, శుక్రవారాలే. పెళ్లి బ్లౌజులకి ముహూర్తానికి పదిహేను రోజుల ముందు గుడ్డ రావాలి, ఆ తర్వాత వస్తే తీసుకోదు, మేనకోడలిదైనా సరే. అన్నిటికంటే ముఖ్యంగా, మధ్యాహ్నం భోజనం అందరికీ వడ్డించాక నిలబడి తినడం మానేసి కూర్చుని తింటోంది. దీనికి ఇంట్లో మగవాళ్లు కూడా కంచం తీసి కడగాలి, ఆ మాట మా బావగారికి నేనే చెప్పాను.

ఒంటి సంగతి

దీని గురించి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయను. రాత్రి మేలుకుంటే మర్నాడు పగలు ఆ నిద్ర తిరిగి ఇచ్చెయ్యాలి, ‘ఆదివారం చూద్దాం’ అనుకోకూడదు. రెండు రాత్రులు నిద్ర లేకపోతే నేను కరెంటు ఉన్న లైను ముట్టుకోను, ఎవరడిగినా సరే. మత్తులో మెయిన్ ఆపానో లేదో గుర్తుండదు. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం పని చేస్తే ఒంట్లో నీళ్లన్నీ పోయి సాయంత్రానికి వచ్చే చిరాకుని మనం మనుషుల మీద చూపిస్తాం. పన్నెండు నుంచి మూడున్నర వరకు మూసేసి, పొద్దున ఏడింటికే తెరవండి, బేరం ఏమీ తగ్గదు. నలభై దాటితే ఆర్నెల్లకోసారి బీపీ, షుగరు చూపించుకోండి. నాకు థైరాయిడ్ కూడా ఉందని అప్పుడే తెలిసింది, నేను అలసట అనుకున్నదాంట్లో కొంత అదేనట.

వీటన్నిటి తర్వాత కూడా పొద్దున లేవాలనిపించకపోతే, దేని మీదా ఆశ లేనట్టు రెండు వారాలు గడిస్తే, చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇక షాపు చిట్కాలతో కాలయాపన చెయ్యకండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, 2022 అక్టోబరులో మొదలైంది, నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. నేను చేశాను. అవతల ఒక అమ్మాయి నలభై నిమిషాలు విని, భీమవరంలో డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పింది, వెళ్లాను. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లాడంటారని రెండు రోజులు ఆగాను, ఆ రెండు రోజులు అనవసరంగా పోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. మా రోడ్డు మీద మెడికల్ షాపాయన మాత్రం మందులిస్తూ నెమ్మదిగా అడిగాడు, “ఆ నంబరు నాక్కూడా రాసివ్వండి” అని.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ రాత్రికి నోటు పుస్తకం చాలు. రెండు వారాలయ్యాక మైనస్‌లు ఎక్కడ గుంపుగా ఉన్నాయో అక్కడ ఒక్క మార్పు చెయ్యండి, నెల చూడండి, తర్వాత ఇంకోటి. సీజన్ మళ్లీ ముంచెత్తినప్పుడు పాత అలవాట్లు తిరిగొస్తాయి, నాకూ పోయిన వేసవిలో వచ్చాయి. వరసగా మూడు సోమవారాలు షాపు తెరిచేశాను. నాలుగో సోమవారం మా ఆవిడ తాళాలు బీరువాలో పెట్టి, పాత నోటు పుస్తకం తెచ్చి నా ముందు పడేసింది. కొత్త పేజీ మీద తేదీ తనే వేసింది.